పదవి చేతికిస్తారు, నమ్మకం ఇవ్వరు

కొత్తగా టీమ్ లీడర్ అయ్యారా? ‘ఈయన్నెందుకు పెట్టారు?’ అనే గుసగుస మీ చెవిన పడిందా? అయితే డేవ్ గాలహర్ గురించి తెలుసుకోండి.

1905 జులై చివర్లో న్యూజిలాండ్ రగ్బీ జట్టు రిముటాకా ఓడలో బ్రిటన్‌కు బయల్దేరింది. గాలహర్‌ను కెప్టెన్‌గా పెట్టింది రగ్బీ సంఘం పెద్దలు. కెప్టెన్‌ను ఎన్నుకోవాల్సింది మేమని కొందరు ఆటగాళ్లు ఎదురుతిరిగారు. గాలహర్, వైస్ కెప్టెన్ బిల్లీ స్టెడ్ ఇద్దరూ రాజీనామాకు సిద్ధపడ్డారు. మేనేజర్ ఒప్పుకోలేదు. అయినా ఓటింగ్ జరిగింది. 29 ఓట్లలో కెప్టెన్ వైపు పడినవి 17.

నాకు ఎంతో విలువైనదిగా కనిపించేది ఈ 17. ఏకగ్రీవం కాదు, ఘనవిజయమూ కాదు. కాదన్నవాళ్లతోనే వారాల తరబడి ఒకే ఓడలో తినాలి, పడుకోవాలి, సాధన చేయాలి. మీకూ అందరి మద్దతూ మొదటి రోజే దొరకదు. దాని కోసం ఆగకండి. పని మొదలుపెట్టండి.

ఎవరి పని ఏమిటో తేల్చి చెప్పండి. బంతి కోసం రెండు జట్ల ఫార్వర్డ్‌లు గుంపుగా తోసుకునే స్క్రమ్‌లో బ్రిటిష్ ఆటగాళ్లు ఎవరు ముందొస్తే వాళ్లు తలదూర్చేవాళ్లు. న్యూజిలాండ్ జట్టులో ప్రతి ఫార్వర్డ్‌కూ తన చోటు ఖాయం. సెప్టెంబర్ 16న మొదటి మ్యాచ్‌లోనే ఇంగ్లండ్‌లోని డెవన్ జట్టు వాళ్ల చేతిలో 55-4తో చిత్తయింది.

విమర్శ వస్తుంది, తట్టుకోండి. స్క్రమ్ పక్కన నిలబడే వింగ్ ఫార్వర్డ్‌గా గాలహర్ ఆడే తీరు మోసమని బ్రిటిష్ పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆయన తన స్థానం వదల్లేదు.

ఓటమినీ ఒప్పుకోండి. డిసెంబర్ 16న కార్డిఫ్‌లో వేల్స్ 3-0తో గెలిచింది. న్యూజిలాండ్ ఆటగాడు బాబ్ డీన్స్ గీత దాటి బంతిని నేలకు తాకించి చేసిన ట్రైని రెఫరీ ఇవ్వలేదన్న వాదన నేటికీ ఆగలేదు. గాలహర్ మాత్రం మెరుగైన జట్టే గెలిచిందన్నాడు. మొత్తం పర్యటనలో 35 మ్యాచ్‌లు ఆడితే ఓడింది ఆ ఒక్కటే!

ఆ తర్వాత ఆయన చేసిన పని చాలామంది నాయకులకు చేతకాదు. 1906లో స్టెడ్‌తో కలిసి ‘ది కంప్లీట్ రగ్బీ ఫుట్‌బాలర్’ అనే పుస్తకం రాశాడు. జట్టును గెలిపించిన పద్ధతులన్నీ, ప్రత్యర్థులు కూడా చదువుకునేలా, అందులో విడమరచి చెప్పాడు. తర్వాత సెలెక్టర్‌గా కొత్త ఆటగాళ్లను వెతికే పనిలో పడ్డాడు.