మిరపకాయ అంచుకు సున్నం అంటకుండా
గేమ్ బొమ్మల అంచులు నునుపు చేసేవారికి

పిడుగురాళ్లలో కూర్చుని గేమ్‌కి బొమ్మ గీయమంటే నాకు ముందు కల్లంలో ఆరబోసిన మిరపకాయే గుర్తొస్తుంది. బొమ్మకు అడ్డం 16, నిలువు 16, మొత్తం 256 గడులు, అంటే పిక్సెళ్లు. కాయ వంపు, తొడిమ, మెరుపు అన్నీ అందులోనే ఇమడాలి. గడులు చతురస్రాలు కాబట్టి వంపు దగ్గర మెట్లు తేలతాయి. రెండు రంగులు కలిసే చోట వాటి మధ్యరంగు గడి ఒకటో రెండో పెట్టి కంటిని ఏమార్చడమే యాంటీ ఎలియాసింగ్.

చేయవలసినవి

ముందు గీత సరిచేయండి, రంగు సంగతి తర్వాత. వంపు తిరిగేటప్పుడు గడుల వరుసలు 1, 2, 3, 5 అని క్రమంగా సాగాలి. 3, 1, 4 అని ఎగుడుదిగుడుగా ఉంటే ఎంత మధ్యరంగు పూసినా వంకర గోడకు సున్నం కొట్టినట్టే. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ చూడండి. ఆ గేమ్ నడిచిన నింటెండో యంత్రంలో బొమ్మ ముక్క ఒక్కోదానికి మూడే రంగులు, ఆపైన పారదర్శకం. మధ్యరంగులకు చోటెక్కడ? మెట్లను గీతతోనే సర్దుకున్నారు. పాత టీవీ తెర కూడా కొంత మెత్తబరిచేదనుకోండి.

మధ్యరంగును పొడుగు మెట్టు చివర మాత్రమే పెట్టండి. సరిగ్గా ఏటవాలుగా ఒక్కో గడి దిగే గీతకు చాలాసార్లు అదీ అక్కర్లేదు.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫైలుకు నకలు తీసుకోండి. కరెంటు చెప్పి పోదు. పక్కనే ఇంకో కిటికీలో బొమ్మను అసలు సైజులో తెరిచి ఉంచండి. ఎనిమిదింతలు పెద్దది చేసి చూస్తే లోకంలో ఏ బొమ్మైనా గరుకే.

చేయకూడనివి

బొమ్మ చుట్టూ పారదర్శకం ఉంటే బయటి అంచున తెలుపు కలిసిన మధ్యరంగు పెట్టకండి. తెల్ల తెర మీద ముచ్చటగానే ఉంటుంది. అదే కాయను నల్లరేగడి మీద పెట్టి చూడండి, చుట్టూ సున్నం చల్లినట్టు తెల్లంచు! బయటికి ముదురు ఎరుపు చాలు. నునుపంతా లోపల, ఎరుపుకీ మెరుపుకీ మధ్య, కాయకీ తొడిమకీ మధ్య.

బ్లర్ పనిముట్టు జోలికి పోకండి. ఐదు రంగుల బొమ్మ ఏభై రంగుల మరక అవుతుంది. జేపీజీగా దాచకండి, పీఎన్‌జీ చాలు. రెండున్నర రెట్లు పెంచకండి. రెండో మూడో రెట్లు పెంచితేనే గడులన్నీ ఒక్క కొలతలో ఉంటాయి.

కదిలే బొమ్మలో ఒక్కో ఫ్రేముకు మధ్యరంగు గడులను ఇష్టమొచ్చినట్టు మార్చితే అంచు మిణుకుమిణుకుమంటుంది. అది చూడ్డానికి చికాకు, అంతే. తెర నిండా ఎరుపు వెలిగి ఆరడం మాత్రం ప్రమాదం. 1997 డిసెంబరులో జపాన్‌లో పోకెమాన్ భాగం ఒకటి ఎరుపు, నీలం రంగుల్లో వేగంగా మెరిసినందుకు వందలాది మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. సెకనుకు మూడు మెరుపులు దాటనివ్వకండి.

రెప్ప వేయకుండా గడులు లెక్కపెట్టకండి. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడండి.

బొమ్మతో సంబంధం లేకపోయినా సున్నపు బట్టీల ఊళ్లో ఇది చెప్పక తప్పదు. కంప్యూటర్ మీద పడ్డ సున్నపు దుమ్మును తడిగుడ్డతో తుడవకండి. కాల్చిన సున్నానికి నీళ్లు తగిలితే వేడెక్కుతుంది. స్విచ్ ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, పొడి బ్రష్‌తో దులపండి. దుమ్ము కంట్లో పడితే నలపకండి. వెంటనే ధారగా మంచినీళ్లు పోస్తూ చాలాసేపు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి.