ఊబకాయం – ఆస్తమా: శరీరంలో జరిగేదేమిటి?

ఆస్తమా అనగానే మనకు దుమ్ము, పొగ, చలిగాలి గుర్తుకొస్తాయి. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో వేసే చేపమందు గుర్తుకొస్తుంది. ఒంటి బరువు మాత్రం గుర్తుకు రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్లవారిలో ప్రతి పదిమందిలో దాదాపు ముగ్గురు అధిక బరువుతో ఉన్నారు. రఘునాథపల్లిలాంటి ఊళ్లలో ఉండే మనమూ ఈ విషయం తెలుసుకోవాలి.

మొదటిది ఒత్తిడి. ఊపిరి పీల్చినప్పుడు ఉదరవితానం కిందికి దిగాలి. పొట్టలోని కొవ్వు దాన్ని పైకి నెడుతుంది. షామియానా తాళ్లు వదులైతే గుడ్డ కుంగినట్టు, ఊపిరితిత్తులు పూర్తిగా సాగకపోతే వాటిలోని సన్నని గాలిగొట్టాలు ఇరుకవుతాయి.

రెండవది రసాయనాలు. కొవ్వు ఊరికే పేరుకున్న నిల్వ కాదు, హార్మోన్లను విడుదల చేసే కణజాలం. 1994లో కనుగొన్న లెప్టిన్ అలాంటిదే. కొవ్వు పెరిగినకొద్దీ లెప్టిన్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపును పెంచే పదార్థాలు రక్తంలో ఎక్కువవుతాయి. వాపును తగ్గించే అడిపోనెక్టిన్ తక్కువవుతుంది. ఈ మార్పు గాలిగొట్టాలను మరింత సున్నితం చేస్తుందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

మూడవది మందు పనితీరు. అలర్జీ ఆస్తమాలో ఇసినోఫిల్ అనే రక్తకణాలు ఎక్కువగా కనిపిస్తాయి. స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాటిని అదుపు చేస్తుంది. ఊబకాయం ఉన్న కొందరిలో, ముఖ్యంగా పెద్దయ్యాక ఆస్తమా వచ్చిన స్త్రీలలో, ఈ కణాలు అంతగా ఉండవు. అందుకే వారికి ఆ మందు అంత బాగా పనిచేయకపోవచ్చు. అంతమాత్రాన ఇన్‌హేలర్ మానకూడదు. డాక్టరుకు చెప్పి చికిత్స సరిచేయించుకోవాలి.

ఇది రెండువైపులా బిగిసే ముడి. ఆయాసానికి భయపడి నడక మానితే బరువు పెరుగుతుంది, బరువు పెరిగితే ఆయాసం పెరుగుతుంది. అయితే లావుగా ఉన్నవారందరికీ ఆస్తమా రాదు. ప్రతి ఆయాసమూ ఆస్తమా కాదు. స్పైరోమెట్రీ పరీక్షతో తేల్చుకోవాలి. మేలైన సంగతి ఏమిటంటే, బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి ఆస్తమా అదుపు మెరుగుపడుతుంది. 80 కిలోల మనిషికి అది 4 నుంచి 8 కిలోలు మాత్రమే.

దాతలు చేయగలిగిన పని ఇక్కడే ఉంది. వైద్య శిబిరంలో బీపీ, షుగరుతో పాటు బరువు, నడుము కొలత కూడా చూడాలి. పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటితే హెచ్చరికే. ఊపిరి వేగం కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఖరీదైనదేమీ కాదు. ఒక్కరోజు పంచే సిరప్ సీసా కన్నా, పేద రోగికి డాక్టరు రాసిన ఇన్‌హేలర్ ఏడాది పొడవునా అందితేనే మేలు. అలాగే స్త్రీలు నిస్సంకోచంగా నడవడానికి కొంత స్థలం చూపాలి; దావత్‌లలో నూనె, తీపి తగ్గించాలి. ఇవి కూడా వైద్య సాయాలే.