జంట నక్షత్రాన్ని చూసిన ఫాదర్ రిషో

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
● ఫాదర్ రిషో ఏమి కనుగొన్నారో చెప్పగలుగుతారు.
● ఒక నక్షత్రం ఒకచోట కనిపించి, మరొకచోట ఎందుకు కనిపించదో వివరించగలుగుతారు.
● ఆ నక్షత్రాన్ని మీరే గుర్తుపట్టగలుగుతారు.

1. ఎవరీ రిషో?

ఫాదర్ జాఁ రిషో 1633లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో పుట్టారు. యేసు సభ అనే కాథలిక్ సంఘంలో గురువు అయ్యారు. ఆ సంఘంలో చాలామంది గురువులు గణితం, ఖగోళశాస్త్రం కూడా నేర్చుకొనేవారు. 1687లో ఫ్రాన్సు రాజు పధ్నాలుగవ లూయీ అలాంటి కొందరిని సయాం దేశానికి పంపాడు. వారిలో రిషో ఒకరు. సయాం అంటే నేటి థాయిలాండ్. మన అండమాన్ సముద్రానికి తూర్పు ఒడ్డున ఉంది.

1688లో అక్కడ రాజ్యం తారుమారైంది. ఫ్రెంచివారు దేశం విడిచిపోవలసి వచ్చింది. రిషో పుదుచ్చేరి చేరారు. చేరిన చోటే మళ్లీ ఆకాశాన్ని పరిశీలించడం మొదలుపెట్టారు.

2. వెతికింది ఒకటి, దొరికింది మరొకటి

1689 డిసెంబరులో ఒక తోకచుక్క కనిపించింది. రిషో దూరదర్శినితో దాన్ని పరిశీలిస్తూ, ఆల్ఫా సెంటారీ అనే ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కూడా చూశారు. కంటికి ఒక్కటిగా కనిపించే ఆ చుక్క దూరదర్శినిలో రెండుగా కనిపించింది. ఇది తాను వెతుకుతున్న విషయం కాదని ఆయన వదిలివేయలేదు. చూసింది చూసినట్లు తెలియజేశారు. భారతదేశంలో దూరదర్శినితో కనుగొన్న తొలి ఖగోళ విశేషంగా దీన్ని చెబుతారు.

ఆ రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని అప్పటికి తెలియదు. ఒక చుట్టుకు సుమారు 80 ఏళ్లు పడుతుందని తరువాతి శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. 1839లో థామస్ హెండర్సన్ దాని దూరాన్ని ప్రకటించాడు. ఆ దూరం సుమారు 4.4 కాంతి సంవత్సరాలని నేడు మనకు తెలుసు. 1915లో దానికి మూడవ తోడు నక్షత్రం కూడా దొరికింది. సూర్యుని తరువాత మనకు అన్నిటికంటె దగ్గరి నక్షత్రం అదే. దాని పేరు ప్రాక్సిమా. రిషో మాత్రం 1693లోనే మరణించారు.

3. పారిస్‌లో ఎందుకు కనిపించదు?

భూమి గుండ్రంగా ఉంది. ఉత్తరానికి పోయేకొద్దీ దక్షిణపు నక్షత్రాలు కిందికి దిగుతాయి. పారిస్‌లో ఆల్ఫా సెంటారీ ఎన్నడూ ఉదయించదు. అక్కడ ఎంత పెద్ద దూరదర్శిని ఉన్నా ప్రయోజనం లేదు. శ్రీకాకుళం తీరంలో అది దిగువగా కనిపిస్తుంది. శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్), పుదుచ్చేరి దాదాపు ఒకే అక్షాంశంపై ఉన్నాయి. కనుక రిషో చూసిన ఎత్తులోనే మీరూ చూడవచ్చు.

4. మీరే చూడండి

ఫిబ్రవరి మధ్యలో తెల్లవారుజామున 4 గంటలకు, లేదా ఏప్రిల్ చివర రాత్రి 11 గంటలకు, దక్షిణం తెరిపిగా ఉన్న ఒడ్డున నిలబడండి. చెయ్యి చాచి, సముద్రపు అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టండి. రెండు పిడికిళ్లకు కాస్త తక్కువ ఎత్తులో రెండు పెద్ద చుక్కలు పక్కపక్కన ఉంటాయి. ఎడమవైపుది ఆల్ఫా సెంటారీ. మీ కంటికి ఒక్కటే కనిపిస్తుంది. రిషోకు కూడా దూరదర్శిని లేకుండా అలాగే కనిపించేది.

మీ ప్రగతిని సరిచూసుకోండి
(అ) రిషో మొదట దేనిని పరిశీలిస్తున్నారు?
(ఆ) ఆల్ఫా సెంటారీ పారిస్‌లో ఎందుకు కనిపించదు?
(ఇ) అనుకోకుండా చూసినదాన్ని రిషో తెలియజేయకపోతే ఏమయ్యేది? మీ మాటల్లో రాయండి.

జవాబులు: (అ) తోకచుక్కను. (ఆ) పారిస్ చాలా ఉత్తరాన ఉంది. ఆ నక్షత్రం అక్కడ ఉదయించదు. (ఇ) సొంతంగా రాయాలి.