ఎవరు తింటారో ముందు తేల్చుకోండి

స్ట్రాబెర్రీ వేద్దామనుకునేవాళ్లు నర్సరీలో అడుగుపెట్టగానే "వీటిలో ఏది మంచిది?" అంటారు. దానికి నిజాయితీగా జవాబు చెప్పగలిగేవాళ్లు లేరు. "మా పిల్లలు చెట్టు దగ్గరే కోసుకు తింటారు, ఏది వేయమంటారు?" అని అడిగి చూడండి. లేదా "కోసిన మర్నాడు హైదరాబాద్‌లో దించాలి" అని చెప్పండి. మీ చేతికొచ్చే మొక్క మారిపోతుంది. ఎంపిక దగ్గర తడబడేవాళ్లు చాలామంది ప్రశ్నను సగంలోనే ఆపేస్తారు. ఉద్యోగమైనా, చదువైనా, మడిలో నాటే మొక్కయినా "ఎవరి కోసం" అన్న మిగతా సగాన్ని కలిపి అడగండి.

మన దేశపు స్ట్రాబెర్రీలో అధిక భాగం మహారాష్ట్రలోని మహాబలేశ్వరం, పంచగని కొండల్లో పండుతుంది. 2010లో మహాబలేశ్వరం పండుకు భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అక్కడి రైతులు ఒకే రకాన్ని పట్టుకుని కూర్చోలేదు. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో పుట్టిన స్వీట్ చార్లీ త్వరగా కాపుకొస్తుంది. తీపి ఎక్కువ, కండ మెత్తన. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఇచ్చిన కమరోసా పండు పెద్దది, గట్టిది, లారీ కుదుపులకు ఓర్చుకుంటుంది. అయితే బాగా ఎర్రబడేదాకా ఆగితేనే దాని రుచి తెలుస్తుంది. వింటర్ డాన్ కూడా ఫ్లోరిడాదే. సీజన్ మొదట్లో పండ్లు ఇస్తుంది కాబట్టి ముందుగా మార్కెట్ పట్టుకోవాలనుకునేవాళ్లకు పనికొస్తుంది.

ఇక్కడ ఒక విషయం గట్టిగా పట్టుకోండి. మామిడినీ అరటినీ మాగబెట్టినట్టు స్ట్రాబెర్రీని మాగబెట్టలేం. కోశాక రంగు ముదరవచ్చుగానీ తీపి పెరగదు. దూరం పంపే రైతు ముప్పావు వంతు ఎరుపు రాగానే కోసేస్తాడు. లేకపోతే పండు పెట్టెలోనే నీరుకారిపోతుంది. పూర్తిగా పండేదాకా ఆగగలిగే అదృష్టం పెరటి తోట ఉన్నవాళ్లదే. అలాంటివాళ్లు మార్కెట్ రైతును చూసి గట్టి రకం నాటుకుంటే చేతిలో ఉన్న ఒక్క లాభాన్నీ వదులుకున్నట్టే. ఇతరుల నిర్ణయం ఎంత గొప్పదైనా దాని వెనక వాళ్ల అవసరం ఉంటుంది. అవసరాన్ని చూడకుండా నిర్ణయాన్ని మాత్రమే అరువు తెచ్చుకోకండి.

"మార్కెట్" అన్న మాటనూ విడదీసి చూడాలి. లంబసింగిలో చలికాలం పర్యాటకులు తోటలోకే వచ్చి పండ్లు కొంటారు. లారీ ఎక్కించే పనే లేనప్పుడు మెత్తగా, తియ్యగా ఉండే రకమే అక్కడ మంచి సరుకు. మీ పండు ఎన్ని కిలోమీటర్లు వెళ్లాలో కాగితం మీద రాయండి. సగం రకాలు వాటంతటవే పక్కకు తప్పుకుంటాయి.

పగటి నిడివితో పనిలేకుండా పూసే ఆల్బియన్ లాంటి రకాలున్నాయి. "ఏడాదంతా కాస్తాయి" అనగానే మనసు లాగుతుంది. తొందరపడకండి. మైదాన ప్రాంతపు ఎండలో పూతే నిలవదు. ఆ మాట చల్లని ఊళ్లకు చెల్లుతుంది.

తీపీ, గట్టిదనం, దిగుబడీ ఒక్క మొక్కలోనే కావాలని పట్టుబట్టేవాళ్లకు ఈ పండు పుట్టుక చెప్పాలి. 1714లో ఫ్రెజియే అనే ఫ్రెంచి అధికారి చిలీ నుంచి పెద్ద పండ్ల మొక్కలు ఫ్రాన్స్‌కు తెచ్చాడు. అన్నీ ఆడ మొక్కలే కావడంతో ఒంటరిగా ఉన్నంతకాలం అవి కాయలేదు. పక్కన ఉత్తర అమెరికా రకం చేరాకే కాపు మొదలైంది. ఆ రెండింటి సంకరమే ఈనాటి స్ట్రాబెర్రీ. ఇప్పటి రకాలకు తోడు అవసరం లేదు. మీకు మాత్రం రెండు రకాలుండటం మేలు, అమ్మకానికి ఒకటి, ఇంటికి ఒకటి.

ఈ ఏడాది చిన్న మడుల్లోనే వేయండి. సెప్టెంబరులోగా నర్సరీకి చెప్పిపెట్టుకుంటే ఎండ తగ్గాక అక్టోబరులో నాటుకోవచ్చు. ప్రతి మడికీ పేరు రాసి పెట్టండి. పండ్లు వచ్చాక ఏది ఏ రకమో చెప్పకుండా ఇంట్లోవాళ్లకు పెట్టండి. అవే రకాలు ఒక్కో పెట్టె సర్ది, అమ్మబోయే ఊరిదాకా బస్సులో తీసుకెళ్లి తెరిచి చూడండి. వచ్చే ఏడాది ఏ మొక్కలు ఎన్ని కావాలో అప్పుడు రాసుకోండి.