ఇంజను ఎప్పుడు వేడెక్కుతోంది?
పాత కార్లు: ప్రశ్నలు - జవాబులు

అస్కా, బరంపురం, భంజనగర్ వైపు నుంచి ఎండాకాలంలో వచ్చే ఉత్తరాల్లో ఎక్కువగా ఒకటే బాధ: పాత కారు హీటెక్కుతోంది. చాలామంది రేడియేటరో, వాటర్ పంపో మార్చేసి, డబ్బు పోయాక రాస్తున్నారు. అందుకే అందరికీ ముందుగా ఒక మాట. వేడి పది కారణాలకు ఒకే గుర్తు. ఏ సామాను మార్చాలని అడిగే ముందు రెండు సంగతులు చూసుకోండి. టెంపరేచర్ ముల్లు ఎప్పుడు పైకి పోతోంది? రేడియేటర్లో నీళ్లు తగ్గుతున్నాయా, లేదా? ఈ రెండూ తేలితే వెతకాల్సిన చోటు చాలావరకు తేలిపోతుంది.

ప్రశ్న: నాది 2005 మారుతి 800. అస్కా నుంచి బరంపురం దాకా సుమారు 40 కిలోమీటర్లు, దారి పొడుగునా ముల్లు సగం దాటదు. బరంపురం పెద్ద బజారులో ఇరుక్కున్నా, చెరకు ట్రాక్టర్ల వెనక ఆగినా పైకి పోతుంది. మెకానిక్ రేడియేటరు మార్చమంటున్నాడు. మార్చమంటారా?
— ఒక పాఠకుడు, అస్కా

జవాబు: ఇప్పుడే మార్చకండి. బండి పరుగెడుతున్నప్పుడు గాలి తనంతట తానే రేడియేటరును చల్లారుస్తుంది. నిలబడ్డప్పుడు ఆ పని ఫ్యాన్‌ది. పరుగులో బాగుండి, ఆగితే వేడెక్కుతోందంటే మొదటి అనుమానం ఫ్యాన్ మీదే.

బండిని ఇంటి ముందు ఆపి, ఇంజను ఆన్‌లోనే ఉంచి బానెట్ ఎత్తండి. చేతులు, చీర కొంగు, తువ్వాలు ఫ్యాన్‌కు దూరంగా ఉంచండి. అది ఏ క్షణమైనా తిరగవచ్చు. ముల్లు సగం దాటి కాస్త పైకి వచ్చేసరికి ఫ్యాన్ తిరగాలి. తిరగకపోతే ఇంజను ఆపేసి, ఫ్యాన్ మోటారు ప్లగ్ ఊడదీయించి, బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. అప్పుడూ తిరగకపోతే మోటారు పోయింది. తిరిగితే మోటారు మంచిదే. ఫ్యూజు, రిలే, వేడి చూసి ఫ్యాన్‌ను ఆన్ చేసే స్విచ్, వాటి వైర్లు వరసగా చూడాలి. ఇవన్నీ కొత్త రేడియేటరు కన్నా చాలా చవక.

ఫ్యాన్ తిరుగుతున్నా వేడి తగ్గకపోతే, గాలి ఎటు పోతోందో చూడండి. ముందు గ్రిల్ దగ్గర ఒక కాగితం పట్టుకుంటే ఫ్యాన్ దాన్ని లోపలికి లాక్కోవాలి. బయటికి నెడుతుంటే, ఎప్పుడో మరమ్మతులో మోటారు వైర్లు తారుమారయ్యాయి. రేడియేటరు రెక్కల మధ్య పేరుకున్న దుమ్ము, పురుగులు, ఊక కూడా కడిగించండి. నీళ్లు ఇంజను వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో కొట్టాలి. ఎక్కువ ఒత్తిడి పెడితే రెక్కలు వంగి దారి మూసుకుపోతుంది.

ప్రశ్న: మా నాన్నగారి అంబాసిడర్ పెట్రోలు బండి. ఊళ్లో ఏ బాధా లేదు. సురడా దాటి దరింగ్‌బాడి ఘాటీ ఎక్కుతుంటే మాత్రం సగం దారిలో నీళ్లు మరిగి బయటికి చిమ్ముతాయి. బండికి వయసైపోయిందని అందరూ అంటున్నారు.
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: అమ్మా, వయసు ఒక్కటే కారణమైతే ఊళ్లోనూ మరిగేది. ఘాటీలో ఇంజను మీద బరువెక్కువ, బండి వేగం తక్కువ. వేడి ఎక్కువ పుడుతుంది, గాలి తక్కువ తగులుతుంది. రేడియేటరు సత్తా తగ్గితే ముందుగా బయటపడేది అక్కడే.

మొదట రేడియేటరు మూత చూడండి. ప్రెషర్ కుక్కర్ మూతలాగే అదీ లోపలి ఒత్తిడిని పట్టి ఉంచి, నీళ్లు 100 డిగ్రీలకే మరగకుండా ఆపుతుంది. 0.9 బార్ మూత మంచిగా ఉంటే నీళ్లు దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. రబ్బరు ఎండి, స్ప్రింగు సడలితే ఆ రక్షణ పోతుంది. దరింగ్‌బాడి సుమారు 3,000 అడుగుల ఎత్తు. ఒత్తిడి పట్టని మూతతో అక్కడ నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజను మామూలుగా పనిచేసేదే 85, 90 డిగ్రీల మధ్య. ఇంక మిగులు ఎక్కడుంది? మీ బండికి కంపెనీ ఎంత ఒత్తిడి మూత చెప్పిందో అదే వేయించండి. పాత అంబాసిడర్లకు తక్కువ ఒత్తిడి మూతలు ఉండేవి. ఎక్కువది వేస్తే పాత గొట్టాలు, అతుకులు తట్టుకోలేవు.

తరవాత ఫ్యాన్ బెల్టు. మీ బండిలో వాటర్ పంపును తిప్పేది అదే. బెల్టు వదులైతే బరువు పడ్డప్పుడు జారుతుంది. ఇంజను ఆపి, పొడుగు వైపు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. ఆపైన దిగితే బిగించాలి, పగుళ్లుంటే మార్చాలి.

ఆపైన రేడియేటరు లోపలి సంగతి. బోరు నీళ్లు ఏళ్ల తరబడి పోస్తే సున్నం పేరుకుని సన్నని గొట్టాలు మూసుకుపోతాయి. ఇంజను బాగా వేడయ్యాక ఆపి, రేడియేటరు ముందువైపు చేయి దగ్గరగా పెట్టి చూడండి. పై నుంచి కిందికి వేడి క్రమంగా తగ్గాలి. మధ్యలో ఒక చోట మాత్రం చల్లగా ఉంటే అక్కడ నీళ్లు పారడం లేదు. పాత రాగి, ఇత్తడి రేడియేటరైతే పై ట్యాంకు విప్పి, గొట్టాల్లో సన్నని రాడ్లు దూర్చి శుభ్రం చేస్తారు. పాతదని పారేయకండి, శుభ్రం చేయించుకోండి. ప్లాస్టిక్ ట్యాంకున్న అల్యూమినియం రేడియేటరుకు ఈ పని కుదరదు, మార్చాల్సిందే.

కింది హోస్ పైపునూ గమనించండి. ఇంజను వేగం పెంచినప్పుడు అది లోపలికి నొక్కుకుపోతే నీటి దారి అక్కడే మూసుకుంటోంది. ఇవన్నీ బాగుంటే ఇగ్నిషన్ టైమింగ్ చూపించండి. టైమింగ్ వెనకబడినా ఘాటీలో ఇంజను వేడెక్కుతుంది.

ప్రశ్న: ఇండికా డీజిల్. ట్యాక్సీగా తిప్పుతాను. రోజూ అర లీటరు నీళ్లు పోయాలి. కింద ఎక్కడా చుక్క కారడం లేదు. హెడ్ గ్యాస్కెట్ పోయిందంటున్నారు. నిజమేనా?
— ఒక డ్రైవరు, ఛత్రపురం

జవాబు: నిజం కావచ్చు. కానీ హెడ్ విప్పడం పెద్ద ఖర్చు, రుజువు లేకుండా విప్పించకండి. నీళ్లు ఎటు పోతున్నాయో ముందు తేలాలి. వేడి ఇంజను మీద పడ్డ నీళ్లు నేల చేరకముందే ఆవిరైపోతాయి. అందుకని రాత్రి ఇంజను చల్లారాక, రేడియేటరు మూత చోట చేతి పంపు గేజి బిగించి, మూత మీద రాసిన ఒత్తిడి దాకా గాలి కొట్టించండి. ముల్లు పడిపోతుంటే లీకు ఉన్నట్టే. టార్చి పట్టుకుని వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, హోస్ క్లిప్పులు, ఇంజను బ్లాకుకు కొట్టిన గుండ్రని రేకు మూతలు చూడండి. కారు లోపల ముందు సీటు కాళ్ల దగ్గర తివాచీ తడిగా ఉంటే హీటరు రేడియేటరు కారుతోంది.

బయట ఎక్కడా లేదంటే లోపలే. హెడ్ గ్యాస్కెట్‌కు గుర్తులివి. పొద్దున్నే చల్లని ఇంజను స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే పై హోస్ రాయిలా గట్టిపడటం. రేడియేటర్లో ఆగకుండా బుడగలు. ఇంజను వేడయ్యాక కూడా ఆగని తెల్ల పొగ. ఆయిల్ కర్ర మీద పాలు కలిసిన టీ రంగు. వీటిలో ఒక్కటి కనబడ్డా, నీలం మందుతో చేసే గ్యాస్ పరీక్ష అడగండి. రేడియేటరు నోటి దగ్గరి గాలిని ఆ మందులోంచి లాగితే, మంట గ్యాసు ఉంటే నీలం రంగు మారుతుంది: పెట్రోలు బండికి పసుపుగా, మీలాంటి డీజిల్ బండికి ఆకుపచ్చగా. హెడ్ విప్పాల్సే వస్తే అది వంగిందో లేదో కొలిపించి, వంగితే ఫేసింగ్ చేయించాకే కొత్త గ్యాస్కెట్ వేయించండి. వంగిన హెడ్ మీద వేసిన గ్యాస్కెట్ ఎక్కువకాలం నిలవదు.

ప్రశ్న: మెకానిక్ థర్మోస్టాట్ వాల్వు తీసేసి, మన ఎండలకు అదెందుకన్నాడు. రేడియేటరు లీకుకు పసుపు వేయమన్నాడు. మంచిదేనా?
— ఒక పాఠకుడు, భంజనగర్

జవాబు: రెండూ వద్దు. చాలా వాల్వులు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజనును సరైన వేడిలో ఉంచుతాయి. తీసేస్తే ఇంజను వేడయ్యేందుకు చాలాసేపు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, లోపలి అరుగుదల పెరుగుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే పక్కదారిని మూస్తుంది. అది లేకపోతే నీళ్లు రేడియేటరుకు పోకుండా ఇంజన్లోనే తిరిగి వేడి ఇంకా పెరుగుతుంది. అనుమానముంటే వాల్వును థర్మామీటరుతో పాటు గిన్నెడు నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టండి. దాని మీద రాసిన వేడి దగ్గర తెరుచుకోవడం మొదలవ్వాలి. తెరుచుకోకపోతే కొత్తది కొనండి.

పసుపు పొడి పాత లారీ డ్రైవర్ల చిట్కా. నడిరోడ్డు మీద చిన్న చిల్లును కాసేపు మూస్తుంది, నిజమే. కానీ అదే పొడి మంచి గొట్టాల్లోనూ, హీటర్లోనూ పేరుకుంటుంది. ఇప్పటికే వేసి ఉంటే, చిల్లు అతికించాక మొత్తం కడిగించి, కూలంట్, డిస్టిల్డ్ వాటరు సమంగా కలిపి పోయండి. కూలంట్ మరుగు స్థాయిని పెంచుతుంది, తుప్పును ఆపుతుంది.

ప్రశ్న: ముల్లు ఒక్కోసారి ఎర్ర గీత దాకా పోతుంది, కానీ ఇంజను మామూలుగానే ఉంటుంది. నిన్న మాత్రం ఎర్ర గీత దగ్గరి నుంచి ఒక్కసారిగా సున్నాకు పడిపోయింది. గేజి పాడైందా?
— ఒక టీచరు, హింజిలికాట్

జవాబు: మొదటిది గేజి తప్పు కావచ్చు. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలితే ఎర్త్ వైరు వదులైంది. మెకానిక్ దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే థర్మోస్టాట్ దగ్గర అసలు వేడి కొలిపించండి.

రెండోది తేలిగ్గా తీసుకోకండి. నీళ్లు పోయి సెన్సరు గాల్లో ఉండిపోతే, ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందికి పడుతుంది. ఎర్ర గీత నుంచి ఉన్నట్టుండి పడిపోయిన ముల్లును చల్లదనం అనుకోవద్దు. వెంటనే ఆపి, చల్లారాక నీళ్లు చూడండి.

ప్రశ్న: చైత్ర మంగళవారం తారాతారిణి యాత్రకు పోతుంటే వరస కదలదు. అక్కడ వేడెక్కితే ఏం చేయాలి?
— ఒక పాఠకురాలు, అస్కా

జవాబు: ముల్లు పైకి పోవడం మొదలవగానే ఏసీ ఆపి, హీటరు, దాని ఫ్యాన్ పూర్తిగా పెట్టండి. ఎండలో కష్టమే అయినా ఇంజను వేడి కొంత అటు పోతుంది. ముల్లు ఎర్ర గీత చేరినా, ఆవిరి కనబడినా పక్కకు తీసి ఇంజను ఆపేయండి. కనీసం అరగంట మూత ముట్టుకోవద్దు. మరుగుతున్న నీళ్లు మొహం మీదికి ఎగజిమ్మి కాలినవాళ్లున్నారు. పై హోస్ చేతికి పట్టేంత చల్లారాక, గుడ్డ వేసి మూత నెమ్మదిగా తిప్పండి. వేడి ఇంజను మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ వంగవచ్చు, పగలవచ్చు. చల్లారాక కొద్దికొద్దిగా పోయండి. నీళ్లు మళ్లీ మళ్లీ తగ్గుతుంటే నడపకుండా లాగించుకు పోవడమే చవక.

ప్రశ్న: ఇంత ఖర్చు పెట్టేకన్నా పాత బండి అమ్మేయడం మంచిది కాదా?
— ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: మారుతి 800, అంబాసిడర్ రెండింటి తయారీ ఆగిపోయింది 2014లో. వాటిలో ఆఖరి బండికీ వయసు మీరింది. అయినా ఇంజను, బాడీ గట్టిగా ఉంటే వేడి ఒక్కటే అమ్మడానికి కారణం కాదు. తక్కువ ఖర్చు నుంచి మొదలుపెట్టండి: మూత, బెల్టు, హోస్‌లు, థర్మోస్టాట్, ఫ్యాన్ స్విచ్. తరవాత రేడియేటరు శుభ్రం, పంపు. హెడ్ అన్నిటికన్నా ఆఖరున, రుజువు దొరికాకే. హెడ్ కూడా పోయి, 15 ఏళ్ల రిజిస్ట్రేషన్ గడువు దగ్గరపడితే అప్పుడు లెక్క వేరు. మరమ్మతు ఖర్చు, ఫిట్‌నెస్ ఖర్చు, బండి ధర పక్కపక్కన రాసుకుని నిర్ణయించుకోండి.

ఇక ముందు ఉత్తరం రాసేవాళ్లు ఈ వివరాలు తప్పకుండా రాయండి: బండి పేరు, సంవత్సరం, పెట్రోలా డీజిలా, వేడెక్కేది నిలబడ్డప్పుడా, పరుగులోనా, ఘాటీలోనా, స్టార్ట్ చేసిన ఎంతసేపటికి, ఏసీ వేస్తేనా వేయకపోయినా, వారానికి ఎన్ని నీళ్లు తగ్గుతున్నాయి, ఇప్పటిదాకా ఏమేం మార్చారు.