లెక్కలో ముందు వెనుకలు

కృష్ణా డెల్టాలో ధాన్యాన్ని 75 కిలోల బస్తాలలో లెక్కించడం వాడుక. ఒక రైతు గాదెలో 10 బస్తాలు నిలువ ఉన్నాయి. ఈ ఏడు 4 ఎకరాలలో, ఎకరానికి 30 బస్తాల వంతున పంట వచ్చింది. మొత్తం ఎన్ని బస్తాలు?

10 + 4 × 30 అని మీటలు నొక్కితే, విజయవాడ వన్‌టౌన్ అంగళ్లలో కనిపించే సాధారణ కాలిక్యులేటర్ 420 అంటుంది. విద్యార్థి చేతిలోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ 130 అంటుంది. తేడా 290 బస్తాలు. లేని ధాన్యాన్ని నమ్ముకొని బేరం కుదుర్చుకొన్న రైతు మాట దక్కదు.

రెండు యంత్రాలలో ఏదీ చెడిపోలేదు. మొదటిది వచ్చిన గుర్తును వచ్చినట్లే అమలుచేస్తుంది. 10కి 4 కలిపి, ఆ 14ను 30తో గుణిస్తుంది. రెండవది గణిత నియమాన్ని పాటించి ముందుగా గుణిస్తుంది. సరైన సమాధానం 130.

ఈ సందిగ్ధానికి తావులేని పద్ధతి మరొకటి ఉంది. పోలెండ్ తర్కశాస్త్రవేత్త యాన్ వుకాషెవిచ్ 1920ల దశకంలో గుర్తును ముందు, సంఖ్యలను తరువాత రాసే పద్ధతిని రూపొందించాడు. దానిని తిరగవేసి, సంఖ్యల తరువాత గుర్తును ఉంచితే అది రివర్స్ పోలిష్ పద్ధతి. హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ 1972లో విడుదల చేసిన హెచ్‌పీ-35 కాలిక్యులేటర్ దీనినే అనుసరించింది. అందులో 10, 4, 30 సంఖ్యలను వరుసగా ఎక్కించి × నొక్కితే చివరి రెండూ గుణించబడి 120 అవుతుంది; + నొక్కితే అది 10తో కలిసి 130 అవుతుంది. కుండలీకరణాలతో పని లేదు. సమాన చిహ్నపు మీటే లేదు.

తెలుగువారికి ఈ క్రమం కొత్త కాదు. మన వాక్యంలో క్రియ చివర నిలుస్తుంది. “నాలుగును ముప్పైతో గుణించి, పదికి కలుపుము” అన్నప్పుడు “గుణించి” అనే క్త్వార్థకం ముందు చేయవలసిన పనిని తెలుపుతుంది. “పదికి నాలుగు కలిపి, ముప్పైతో గుణించుము” అంటే ఫలితం 420. సంఖ్యలు అవే, క్త్వార్థకం మారగానే ఫలితం మారింది. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెనిగించిన పావులూరి మల్లన కాలానికి +, × గుర్తులు లేవు. లెక్కలోని క్రమాన్ని మాటలే మోశాయి.

యంత్రం మీటలను ఎరుగును గాని లెక్క అర్థాన్ని ఎరుగదు. కనుక మీట నొక్కేముందు లెక్కను ఒక తెలుగు వాక్యంగా చెప్పుకోవాలి. క్త్వార్థకం తెలిపే పనిని మొదట చేయాలి.

అభ్యాసం: “రైతు 130 బస్తాలలో 20 బస్తాలు తిండికి ఉంచుకొని, మిగిలినవి అమ్మాడు.” ఈ వాక్యంలోని క్త్వార్థకాన్ని గుర్తించి, అమ్మిన ధాన్యం ఎన్ని కిలోలో లెక్కించండి.