చర్నాకోల పట్టిన చెయ్యి

శావల్యాపురం

అల్లుడూ,

డాలస్ నుంచి నువ్వు పంపిన గోల్ఫ్ వీడియో అక్క ఫోన్లో నాలుగుసార్లు చూశాను. బంతి ప్రతిసారీ కుడికి వంగిపోతోందని, స్వింగే మార్చుకుంటానని అంటున్నావట. స్వింగ్ జోలికి ఇప్పుడే పోకు నాయనా. తేడా నీ పట్టులో ఉంది.

క్లబ్బును గొడ్డలి కామలా అరచేతి నడుమ పెట్టి బిగిస్తున్నావు. ఎడమచేతిలో అది వేళ్ళ మొదళ్ళ మీదుగా పోవాలి. పైనుంచి చూసుకుంటే రెండు మెటికలు కనపడాలి. నీకు ఒక్కటే కనపడుతోంది. అందుకే బంతికి తగిలే వేళకు క్లబ్బు ముఖం తెరుచుకుంటోంది. బిగువు ఎడమచేతి చివరి మూడు వేళ్ళలో ఉంటే చాలు. కుడి చిటికెనవేలిని ఎడమ చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ ఆనించు. విశాఖ ఈస్ట్ పాయింట్‌లో నాకు మొదట నేర్పింది ఈ వార్డన్ పట్టే. గోల్ఫ్ దిగ్గజం బెన్ హోగన్ 1957లో రాసిన 'ఫైవ్ లెసన్స్'లోనూ మొదటి పాఠం పట్టే. ఆయన బాధ నీకు ఎదురు, బంతి ఎడమకు పోయేది. ఆయనా చేతులు సర్దుకునే బాగుపడ్డాడు.

ఇక మణికట్టు. మీ తాతయ్య బండి మీద నిలబడి గాలిలో చర్నాకోల ఝళిపించడం గుర్తుందా? గిత్తల ఒంటిని తాకేది కాదు, మోత మాత్రం ఊళ్ళోకి వినపడేది. చెయ్యి ముందు కదిలేది, మణికట్టు చిట్టచివర్న వదిలేది. నీకు క్లబ్బు పైకెత్తగానే ఎడమ మణికట్టు వెనక్కి విరిగి గుంటపడుతోంది. వాచీ పట్టీ కింద, చేతి వెనకవైపు ఒక స్కేలు దోపి అద్దం ముందు ఎత్తి చూడు. మణికట్టు విరిగితే స్కేలు గుచ్చుకుంటుంది. రోజూ పది నిమిషాలు, బంతి లేకుండా. మొదట్లో చేతులు నీవి కానట్టే ఉంటాయి, పాత పట్టుకు మళ్ళకు.

అరచేతిలో చిటికెనవేలి వైపు నొప్పని అక్కతో అన్నావట. దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. క్లబ్బు కొస అక్కడ ఒత్తుకుని చిన్న ఎముక చిట్లడం ఈ ఆటలో ఉన్నదే. కొస అరంగుళం బయటికి వదిలి పట్టుకో. మన తెలుగింటి బిడ్డ సాహిత్ తీగల పెపర్‌డైన్ యూనివర్సిటీలో ఉండగా మణికట్టు గాయంతో 2018-19 సీజన్ మొత్తం వదులుకున్నాడు. తిరిగొచ్చి 2020లో హాస్కిన్స్ అవార్డు అందుకున్నాడు, 2023లో పీజీఏ టూర్‌లో గెలిచాడు. నేను ఒకసారి నొప్పి మీదే ఆడి, ఆ వేసవంతా నీళ్ళచెంబు ఎత్తలేకపోయాను.

ముందు డాక్టరుకు చూపించుకో. మళ్ళీ వీడియో తీసేటప్పుడు చేతులు దగ్గరగా కనపడనివ్వు. మెటికలు లెక్కపెట్టాలి నేను.

మీ మామయ్య